పిట్స్‌బర్గ్ నుంచి వాషింగ్టన్ దాకా సైకిలు మీద: ముందు రైలు కట్ట, తర్వాత కాలువ గట్టు

మీ ప్రశ్న సారాంశం ఇది: వాషింగ్టన్ దగ్గరి ఆష్‌బర్న్ నుంచి నలుగురు, అక్టోబరు రెండో వారం, 35 మిల్లీమీటర్ల టైర్లున్న హైబ్రిడ్ సైకిళ్లు, టెంట్లు లేకుండా రోజూ ఏదో ఒక ఊళ్లో గది. మొత్తం 335 మైళ్లను ఆరుతో భాగించి రోజుకు 56 మైళ్లు అని లెక్క వేశారు. ఇద్దరు శాకాహారులు. ఆరు రోజులు సరిపోతాయా, ఏ చివర మొదలుపెట్టాలి, టైర్లు మార్చాలా అని అడిగారు.

ఆరు రోజులు సరిపోవు. ఏడు రోజులు తొక్కడానికి, ఒక రోజు చేతిలో ఉంచుకోవడానికి, మొత్తం ఎనిమిది పెట్టుకోండి. మొదలు పిట్స్‌బర్గ్‌లో పెట్టండి. టైర్లు 40కి మార్చండి. ఆ భాగాహారమే అసలు పొరపాటు. ఇది ఒకే బాట కాదు, కంబర్లాండ్ దగ్గర అతికిన రెండు వేర్వేరు బాటలు. మొదటిదాంట్లో మైలుకు పట్టే సమయం ముందే చెప్పొచ్చు. రెండోదాంట్లో అది గత మూడు రోజుల వాన మీద ఆధారపడి ఉంటుంది. మీ తీరిక సమయమంతా రెండో భాగంలోనే ఉండాలి.

పిట్స్‌బర్గ్ నుంచి మేరీల్యాండ్‌లోని కంబర్లాండ్ దాకా ఉన్నది గ్రేట్ అలెఘనీ పాసేజ్, అందరూ గ్యాప్ అంటారు. 150 మైళ్లు. పాత రైలు కట్టల మీద వేసినది. 1986లో ఒహాయోపైల్ దగ్గర మొదటి ముక్క తెరిచి, 2013లో పిట్స్‌బర్గ్ చివరి ముక్కతో పూర్తి చేశారు. రైలింజను నిటారు వాలు ఎక్కలేదు కాబట్టి కట్టను కొండ చుట్టూ తిప్పి, లోయల మీద వంతెనలు వేసి, మరీ అడ్డొస్తే సొరంగం తవ్వారు. ఆ పుణ్యం ఇప్పుడు మనకు దక్కుతోంది: ఎక్కడా 2 శాతం వాలు దాటదు. పైన సున్నపురాయి క్రషర్ డస్ట్ పరిచి రోలర్ తిప్పారు. కట్ట ఎత్తు మీద ఉంటుంది, అడుగున రైల్వే కంకర ఉంటుంది, రెండు పక్కలా కాల్వలు ఉంటాయి. అందుకే రాత్రంతా వాన కురిసినా పొద్దున పదికల్లా తొక్కడానికి వీలుగా ఉంటుంది. టైరు వెనక తెల్లటి గంజిలాంటిది చిమ్ముతుంది తప్ప చక్రం దిగబడదు.

కంబర్లాండ్ నుంచి వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ దాకా పొటోమాక్ నది వెంట ఉన్నది చెసపీక్ అండ్ ఒహాయో కాలువ గట్టు, వాడుకలో సీ అండ్ ఓ. 184.5 మైళ్లు. గోదావరి డెల్టా నుంచి వచ్చినవాళ్లకు దీన్ని వివరించక్కర్లేదు. లాకులు, లాకుల పక్కన లస్కరు ఇల్లు, పడవను తాడుతో లాగుతూ నడిచే గట్టు, వాగు మీదుగా కాలువను దాటించే అక్విడక్టు. పి.గన్నవరం అక్విడక్టు చూసిన కళ్లకు 42వ మైలు దగ్గర మోనోకసీ నది మీద ఏడు కమానుల రాతి అక్విడక్టు దగ్గరి బంధువులా కనిపిస్తుంది. కాలం కూడా ఇంచుమించు అదే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయితే, 1828లో మొదలైన ఈ కాలువ 1850లో కంబర్లాండ్ చేరింది. తేడా ఒక్కటే, ఇక్కడ పడవలను కంచరగాడిదలు లాగేవి. 1924 వరదల తర్వాత పడవలు ఆగిపోయాయి. దాని మీద కారు రోడ్డు వేద్దామన్న ఆలోచన వచ్చినప్పుడు, 1954లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ దాని పొడవునా నడిచి దేశం దృష్టికి తెచ్చారు. 1971లో జాతీయ చారిత్రక ఉద్యానవనం అయింది. ఈ రోజు మీరు లారీ హారన్ వినకుండా 184 మైళ్లు తొక్కగలుగుతున్నారంటే కారణం అదే.

ఇక ముఖ్యమైన సంగతి. ఈ గట్టు పోసింది కాలువ తవ్వగా వచ్చిన మట్టితో. కాలువలో నీళ్లు ఇంకిపోకుండా నిలవాలని బంకమట్టి వాడారు. ఆనాడు నీళ్లను నిలబెట్టిన గుణమే ఈనాడు మీ చక్రం కింద వాన నీళ్లనూ నిలబెడుతుంది. ఒక పక్క నది, మరో పక్క చిత్తడిగా మారిన పాత కాలువ, పైన చెట్ల గొడుగు. ఎండ నేల దాకా రాదు. పార్కు బండ్ల చక్రాల జాడలు రెండు గాడులుగా దిగి, మధ్యలో గడ్డి వరుస మిగులుతుంది. గాడుల్లో నీళ్లు నిలుస్తాయి. ఒక మంచి వాన పడితే ఆరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. కొన్నేళ్లుగా ముక్కలు ముక్కలుగా రాతిపొడి పరిచి బాగుచేస్తున్నారు, ఆ ముక్కలు హాయిగా ఉంటాయి. కానీ హాయిగా ఉన్న పది మైళ్లు చూసి తర్వాతి పది మైళ్లూ అలాగే ఉంటాయని లెక్క వేయకండి.

అంకెల్లో చెప్పాలంటే, సామానుతో గ్యాప్ మీద గంటకు 10 నుంచి 12 మైళ్లు వస్తుంది. పొడిగా ఉన్న కాలువ గట్టు మీద 9, 10. వాన వెలిసిన మర్నాడు 6, 7. అక్టోబరు మధ్యలో పగలు సుమారు 11 గంటలే. 60 మైళ్లు బురదలో అంటే తొమ్మిది గంటలకు పైగా పెడలు మీదే ఉండాలి, తిండికీ పంక్చరుకూ మిగిలేది గంటన్నర. మీ ఆరు రోజుల ప్లాను సరిగ్గా ఇక్కడే విరుగుతుంది.

నేనైతే ఇలా విడగొట్టమంటాను. మైలురాళ్ల సంగతి ముందే తెలుసుకోండి: గ్యాప్ అంకెలు కంబర్లాండ్‌లో 0తో మొదలై పిట్స్‌బర్గ్‌లో 150కి చేరతాయి. కాలువ అంకెలు జార్జ్‌టౌన్‌లో 0తో మొదలై కంబర్లాండ్‌లో 184.5కి చేరతాయి. మీ దిశలో రెండూ తగ్గుతూ పోతాయి, మధ్యలో ఒకసారి 0 నుంచి 184కి దూకుతాయి. గది బుక్ చేసేటప్పుడు ఏ బాట మైలో అడగకపోతే తికమక తప్పదు.

మొదటి రోజు పిట్స్‌బర్గ్ నుంచి కానెల్స్‌విల్, 61 మైళ్లు. దూరం ఎక్కువ అనిపిస్తుంది కానీ మెకీస్‌పోర్ట్ దాకా చాలావరకు తారు బాటే, ఆపైన యాకగేనీ నది పక్కన చదునుగా సాగుతుంది. రెండో రోజు రాక్‌వుడ్, 45 మైళ్లు. ఇది మొత్తం ప్రయాణంలో అందమైన అడవి. ఒహాయోపైల్‌లో రెండు గంటలు ఆగేలా పొద్దున్నే బయల్దేరండి. మూడో రోజు కంబర్లాండ్, 44 మైళ్లు. మయర్స్‌డేల్ దగ్గర 1,908 అడుగుల పొడవున్న సాలిస్‌బరీ వయాడక్టు మీద లోయకు 100 అడుగుల ఎత్తున దాటుతారు. ఆ తర్వాత 2,392 అడుగుల ఎత్తున తూర్పు ఖండ జలవిభాజకం వస్తుంది. అక్కడ పడ్డ వాన ఒక వైపు మిసిసిపీ గుండా మెక్సికో సింధుశాఖకు, మరో వైపు పొటోమాక్ గుండా చెసపీక్ అఖాతానికి పోతుంది. అక్కడినుంచి 24 మైళ్లు వరసగా దిగుడే.

నాలుగో రోజు కంబర్లాండ్ నుంచి హాన్‌కాక్, 60 మైళ్లు. కాలువ గట్టు మీద ఇది అన్నిటికన్నా కష్టమైన రోజు. మధ్యలో గదులు దొరకడం కష్టం, అందుకే దూరం తగ్గించలేం. ఒక ఊరట ఉంది: 141వ మైలు దగ్గర లిటిల్ ఆర్లీన్స్ నుంచి హాన్‌కాక్ దాకా గట్టుకు సమాంతరంగా వెస్టర్న్ మేరీల్యాండ్ రైల్ ట్రైల్ అనే తారు బాట ఉంది. అక్కడికి చేరగానే దాని మీదికి మారండి, ఆఖరి 16, 17 మైళ్లు గంటన్నరలో అయిపోతాయి. ఆ తారు బాట హాన్‌కాక్ దాటి బిగ్ పూల్ దాకా మరో పది మైళ్లు కూడా పోతుంది, ఐదో రోజు పొద్దున అదీ వాడుకోవచ్చు.

ఐదో రోజు విలియమ్స్‌పోర్ట్ మీదుగా షెపర్డ్స్‌టౌన్, 51 మైళ్లు. దారిలో బిగ్ స్లాక్‌వాటర్ దగ్గర కొండ చరియ కింద, నది అంచున కాంక్రీటు నడవ మీద వెళ్తారు, దిగి నడిపించినా తప్పులేదు. ఆరో రోజు హార్పర్స్ ఫెర్రీ, 12 మైళ్లు మాత్రమే. ఏడో రోజు జార్జ్‌టౌన్, 61 మైళ్లు. ఆరో రోజు అంత తక్కువగా పెట్టింది ఊరు చూడటానికి కూడానేమో అనుకోవచ్చు, కానీ ముఖ్య ఉద్దేశం అది కాదు. నాలుగు, ఐదు రోజుల్లో వాన వస్తే ఆ ఆలస్యాన్ని ఇది పీల్చుకుంటుంది. చేతిలో ఉన్న ఎనిమిదో రోజు కంబర్లాండ్‌లో ఖర్చు కాకపోతే హాన్‌కాక్ తర్వాత వాడండి: హాన్‌కాక్ నుంచి విలియమ్స్‌పోర్ట్ 24, అక్కడినుంచి షెపర్డ్స్‌టౌన్ 27. గదులు బుక్ చేసేటప్పుడు మొదటి మూడు రాత్రులు ఖాయం చేసేయండి, కంబర్లాండ్ తర్వాతివన్నీ రద్దు చేసుకునే వీలుండేలా తీసుకోండి.

పిట్స్‌బర్గ్‌లోనే ఎందుకు మొదలుపెట్టాలంటే, అక్కడినుంచి శిఖరం దాకా 126 మైళ్లలో 1,700 అడుగులు కూడా ఎక్కరు, కాళ్లకు తెలియనే తెలియదు. వాషింగ్టన్ నుంచి వస్తే కంబర్లాండ్ తర్వాత దాదాపు 1,800 అడుగులు 24 మైళ్లలోనే ఎక్కాలి. అది తొక్కలేనిదేం కాదు, అయితే కాలువ బురదలో నలిగిన మర్నాడు వస్తుంది. పైగా మీ ఇల్లు వాషింగ్టన్ వైపు. ఆఖరి రోజు ఆలస్యమైనా ఎవరో ఒకరు కారేసుకుని గట్టు మీదే ఉన్న గ్రేట్ ఫాల్స్ దాకా రాగలరు.

పిట్స్‌బర్గ్ చేరడానికి ఆమ్‌ట్రాక్ ఉంది. వాషింగ్టన్, హార్పర్స్ ఫెర్రీ, కంబర్లాండ్, కానెల్స్‌విల్, పిట్స్‌బర్గ్ మీదుగా షికాగో వెళ్లే రైలు, ఇప్పుడు దాని పేరు ఫ్లోరిడియన్. సైకిలుకు విడిగా చోటు రిజర్వ్ చేయాలి, ఒక్కో బండికి ఉండేవి కొన్నే, అక్టోబరులో ముందే అయిపోతాయి. నాలుగు సైకిళ్లకు ఒకే రోజు దొరకకపోతే వన్‌వే అద్దె వ్యాను తీసుకోండి. రైలు పిట్స్‌బర్గ్ చేరేసరికి అర్ధరాత్రి దగ్గర పడుతుంది, ఆలస్యాలూ మామూలే. అందుకే నలుగురికి వ్యానే మేలని నా అభిప్రాయం. వ్యానులో ముందురోజు సాయంత్రానికి చేరితే పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడి దర్శనం చేసుకుని, క్యాంటీన్ వేళలు కనుక్కుని పులిహోర పొట్లాలు కట్టించుకోవచ్చు. మొదటి మధ్యాహ్నం భోజనం అదే.

టైర్ల విషయం. గ్యాప్ ఒక్కటే అయితే మీ 35లు చాలు. కాలువ గట్టుకు 40 కనీసం, ఫ్రేములో పడితే 45 ఇంకా మంచిది. కొనేముందు చక్రం బిగించి, టైరు పక్క నుంచి వెనక ఫ్రేము కడ్డీలకూ ముందు ఫోర్కుకూ ఎంత ఖాళీ ఉందో కొలవండి. కొత్త టైరు ఎక్కించాక రెండు వైపులా కనీసం 6 మిల్లీమీటర్లు మిగలాలి. అంతకన్నా తగ్గితే బంకమట్టి ఆ సందులో పేరుకుని చక్రాన్ని బ్రేకు వేసినట్టు ఆపేస్తుంది, పెయింటునూ అరగదీస్తుంది. పెద్ద బొడిపెలున్న మౌంటెన్ టైర్లు వద్దు. మధ్యలో నున్నగా, అంచుల్లో చిన్న పళ్లుండే గ్రావెల్ టైరు సరిపోతుంది.

గాలి విషయంలో చాలామంది టైరు మీద రాసిన గరిష్ఠ అంకె దాకా కొట్టేస్తారు. అలా కొడితే ప్రతి వేరూ ప్రతి గులకరాయీ చేతుల్లోకి తగులుతుంది. మనిషి, సైకిలు, సామాను కలిపి 100 కిలోలు అనుకుంటే, ట్యూబు ఉన్న 40 టైరుకు వెనక 45, ముందు 38 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టండి. 45 టైరుకు వెనక 39, ముందు 33. ట్యూబ్‌లెస్ అయితే ఇంకో నాలుగైదు తగ్గించండి. బురద రోజున మరో మూడు తగ్గించవచ్చు. అంతకు మించి తగ్గిస్తే వేరు అంచుకు రిమ్ము తగిలి ట్యూబు మీద పాము కాటులా పక్కపక్కనే రెండు రంధ్రాలు పడతాయి. అలాంటి జంట రంధ్రాలు కనిపిస్తే గుచ్చుకున్న ముల్లు కోసం వెతుకుతూ కూర్చోకండి, గాలి పెంచండి.

మడ్‌గార్డులు గ్యాప్ మీద వరం. కాలువ మీద టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య వేలెడు సందు, అంటే 10 మిల్లీమీటర్ల పైన ఉంటేనే ఉంచండి. లేకపోతే తడి ఆకులు, బంకమట్టి కలిసి మట్టి ఇటుకలా బిగుస్తాయి. కంబర్లాండ్‌లో వాన సూచన చూసి, కావాలంటే ముందుది విప్పేసి సామాను రాక్‌కు కట్టేయండి. ఇరుక్కున్న మట్టి తీయడానికి ఒక చదునైన వెదురు పుల్లో, పాత ప్లాస్టిక్ గరిటె కాడో జేబులో పెట్టుకుంటే చాలు. అందరూ మరిచిపోయే పనిముట్టు ఇదే.

చెయిన్ దగ్గర రెండు బాటల బాధలు వేరు. సున్నపురాయి పొడి, చిక్కటి నూనె కలిస్తే సానబట్టే ముద్దలా తయారై మూడు రోజుల్లో చెయిన్‌ను అరగదీస్తుంది. గ్యాప్ మీద మైనం రకం, అంటే పొడి లూబ్ వేయండి. రోజూ సాయంత్రం గుడ్డతో చెయిన్‌ను పట్టుకుని పెడలు ఇరవై చుట్లు వెనక్కి తిప్పి తుడవండి. తడిసిన ప్రతి రోజూ తుడిచాక ఒక్కో లింకుకు ఒక్కో చుక్క వేసి, పది నిమిషాలాగి పైది మళ్లీ తుడిచేయండి. నలుగురికీ 60 మిల్లీలీటర్ల సీసాలు రెండు సరిపోతాయి.

బ్రేకులకు కాలువ బురద గరుకు కాగితంలా పనిచేస్తుంది. కొత్త ప్యాడ్లతో బయల్దేరి, సైకిలుకు ఒక జత అదనంగా పట్టుకెళ్లండి. వి-బ్రేకులైతే ప్యాడులో దిగబడ్డ ఇసుక రేణువులను రాత్రిపూట పిన్నుతో తీసేయండి, లేకపోతే రిమ్మును గీరుతాయి. డిస్క్ బ్రేకులైతే ప్యాడు మందం ఒక మిల్లీమీటరుకు దిగగానే మార్చేయండి, మర్నాటి దాకా ఆగొద్దు.

ఈ బాట మీద ప్రయాణాన్ని నిజంగా ఆపేసేది పంక్చరు కాదు, పుల్ల. వాన తర్వాత గట్టంతా రాలిన కొమ్మలు. ముందు చక్రం ఒక పుల్ల చివర తొక్కితే అది లేచి వెనక డీరేలర్‌లోకి, అంటే గేర్లు మార్చే భాగంలోకి దూరుతుంది. కరకరమన్న చప్పుడు విన్న ఆ క్షణంలోనే పెడలు ఆపేయాలి. బలంగా ఇంకో అర చుట్టు తొక్కితే డీరేలర్ మెలి తిరిగి ఆకుల్లోకి, అంటే స్పోకుల్లోకి పోతుంది, దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ విరుగుతుంది. హ్యాంగర్ ప్రతి మోడలుకూ వేరే ఆకారం, దారిలో ఊళ్లలో మీ సైకిలుది దొరుకుతుందన్న భరోసా లేదు. అందుకే నాలుగు సైకిళ్లకూ నాలుగు హ్యాంగర్లు ముందే తెప్పించుకోండి, ఒక్కోటి అరచేతిలో పట్టేంత చిన్నది. వాటితోపాటు మనిషికి రెండు ట్యూబులు, అందరికీ కలిపి రెండు పంపులు, ప్యాచ్ కిట్, టైరు చిరిగితే లోపల పెట్టే బూటు, మీ చెయిన్ స్పీడుకు సరిపోయే క్విక్ లింకులు రెండు, 4, 5, 6 అలెన్ కీలు, టీ25 టోర్క్స్ కీ, చెయిన్ బ్రేకర్, పది జిప్ టైలు.

సామాను మనిషికి 10 కిలోలు దాటనివ్వకండి. ఎగుడుకన్నా ఎడతెగని అదురుతోనే ఇక్కడ రాక్ బోల్టులు వదులవుతాయి. బయల్దేరే ముందు నాలుగు ఎం5 బోల్టులకూ వదులవకుండా పట్టే నీలం రంగు జిగురు (థ్రెడ్‌లాకర్) ఒక్కో చుక్క వేయండి, రెండు బోల్టులు అదనంగా రాక్‌కే టేపు చుట్టి ఉంచండి. సాయంత్రం గది చేరగానే అలెన్ కీతో ఒకసారి తడిమి చూడటం అలవాటు చేసుకోండి.

తొక్కే పద్ధతిలో కొన్ని మెళకువలు. నీటి గుంట ఎదురైతే అంచు నుంచి తప్పించుకోవాలని చూస్తాం. ఆ అంచే వాలుగా, సబ్బు రాసినట్టు ఉంటుంది, వెనక చక్రం అక్కడే జారుతుంది. వేగం తగ్గించి, తేలిక గేరు వేసి, బ్రేకు ముట్టకుండా మధ్యలోంచి నేరుగా పోండి. అడుగున నేల సాధారణంగా గట్టిగానే ఉంటుంది. వేళ్లను అడ్డంగా, నిటారు కోణంలో దాటండి, ఏటవాలుగా ఎక్కితే తడి వేరు చక్రాన్ని పక్కకు తోసేస్తుంది. అక్టోబరులో ఆకులు రాలి గుంటల్నీ వేళ్లనూ కప్పేస్తాయి. వాటి కింద ఇంకో శత్రువు ఉంటుంది, నల్ల వాల్‌నట్ కాయ. పెద్ద నిమ్మకాయంత ఉంటుంది, పైన ఆకుపచ్చ తొక్క నల్లబడి మెత్తబడుతుంది, లోపల మాత్రం రాయి. ముందు చక్రం దాని మీద ఎక్కితే హ్యాండిలు చేతిలోంచి తిరిగిపోతుంది. వాల్‌నట్ చెట్ల కింద రెండు చేతులూ గట్టిగా పట్టుకుని ఉండండి, ముందువాడికీ వెనకవాడికీ మూడు సైకిళ్ల దూరం ఉంచండి.

ఎత్తుపల్లాలు లేవు కాబట్టి ఒళ్లు నొప్పులు రావనుకుంటారు. జరిగేది తిరగబడి ఉంటుంది. మామూలు రోడ్డు మీద దిగుడులో పెడలు ఆపి, సీటు మీంచి లేచి, చేతులు మార్చుకుంటాం. ఇక్కడ ఆ అవకాశమే రాదు, గంటల తరబడి ఒకే భంగిమ. లాకు దగ్గర ఎనిమిది అడుగుల చిన్న వాలు వస్తుంది, అంతే. అందుకని పది నిమిషాలకోసారి పెడళ్ల మీద లేచి పదిహేను సెకన్లు నిలబడండి. హ్యాండిల్‌కు బార్ ఎండ్‌లు బిగిస్తే చేతులకు రెండో చోటు దొరుకుతుంది, చిటికెన వేలు తిమ్మిర్లు చాలావరకు తగ్గుతాయి. కొత్త సీటు మీద మాత్రం ఈ ప్రయాణం మొదలుపెట్టకండి.

సొరంగాలు మూడు గుర్తుపెట్టుకోండి. శిఖరానికి కంబర్లాండ్ వైపు ఉన్న బిగ్ సావేజ్ దాదాపు 3,300 అడుగులు, లోపల దీపాలున్నాయి. చలికాలంలో గడ్డకట్టిన నీళ్లు గోడల్ని పగలగొట్టకుండా తలుపులు మూసేస్తారు, వసంతంలో తెరుస్తారు, మీ అక్టోబరుకు ఇబ్బంది లేదు. ఫ్రాస్ట్‌బర్గ్ కింద బ్రష్ సొరంగంలో పర్యాటక రైలు పట్టా, మీ బాట పక్కపక్కనే. రైలు వస్తున్నా, లోపలున్నా బయటే ఆగండి, లోపల పొగ నిండిపోతుంది. మూడోది కాలువ మీద పావ్ పావ్, 3,118 అడుగులు, 1836లో మొదలుపెట్టి 1850 దాకా తవ్వారు. దీపాల్లేవు. గట్టు ఇద్దరు పక్కపక్కన పట్టనంత సన్నం, నేల ఎగుడుదిగుడు, ఒక వైపు చెక్క కటకటాలు, దాని కింద నీళ్లు. దిగి నడిపించండి. ఫోను టార్చి చాలదు, 200 ల్యూమెన్ల దీపం ఉండాలి. గట్టు మీద గంట ఉండటం నియమం కూడా, మనుషుల దగ్గరికొచ్చేసరికి మోగించాలి. అక్విడక్టుల మీద దిగి నడవాలి.

తిండి. గ్యాప్ ఊళ్లలో పిజ్జా, శాండ్‌విచ్, కిరాణా దొరుకుతాయి, శాకాహారులకు కష్టం లేదు. నాలుగో రోజు మాత్రం కంబర్లాండ్ నుంచి పావ్ పావ్ దాకా 28 మైళ్లు దుకాణాన్ని నమ్ముకోవద్దు. ముందురోజు రాత్రే మధ్యాహ్న భోజనం కొని పెట్టుకోండి. తొక్కుతున్నప్పుడు గంటకు 50 గ్రాముల పిండిపదార్థం కావాలి: రెండు పెద్ద మెడ్జూల్ ఖర్జూరాలు, 30 గ్రాముల పల్లీ చిక్కీ ముక్క ఒకటి కలిపితే సరిపోతుంది. మనిషికి రోజుకు ఆరు గంటల లెక్కన కట్టండి. వేడి నీళ్లు పోస్తే తయారయ్యే ఉప్మా పొట్లాలు గదిలో కెటిల్‌తో అయిపోతాయి. పులిహోర చింతపండుదైతే మర్నాటి మధ్యాహ్నం దాకా నిలుస్తుంది, నిమ్మకాయది అంతసేపు నమ్మొద్దు. పెరుగన్నం అసలు వద్దు.

నీళ్లు నాలుగో రోజు మనిషికి రెండు లీటర్లతో బయల్దేరండి. గట్టు పక్కన ఉచిత క్యాంపు చోట్ల చేతిపంపులుంటాయి, ఏప్రిల్ మధ్య నుంచి నవంబరు మధ్య దాకా పనిచేస్తాయి. నీటి పరీక్షలో తేడా వస్తే పిడి తీసేస్తారు, కాబట్టి పంపు కనిపించింది కదా అని ఆఖరి చుక్క తాగేయకండి. ఆ నీళ్లలో అయొడిన్ కలుపుతారు. థైరాయిడ్ మందులు వాడేవాళ్లుంటే ఊళ్లో నింపుకున్న నీళ్లే తాగడం మంచిది.

అలెఘనీ కొండల మీద అక్టోబరు తెల్లవారుజామున 5 డిగ్రీల కిందికి పడుతుంది. శిఖరం నుంచి దిగేటప్పుడు తొక్కే పని ఉండదు, గాలి కోస్తుంది, చేతికి నిండు గ్లవ్స్, పల్చటి విండ్ జాకెట్ పైనే ఉండాలి. గడ్డిలో కూర్చుంటే సాయంత్రం మోకాళ్ల వెనక, నడుము పట్టీ కింద గోమార్ల కోసం వెతకండి. కనిపిస్తే సన్నటి పట్టకారుతో చర్మం దగ్గర పట్టి నిటారుగా లాగండి, నూనె రాయడాలు, కాల్చడాలు వద్దు. మొదటి రోజే తీసేస్తే లైమ్ జ్వరం అంటుకునే అవకాశం బాగా తగ్గుతుంది. మూడాకుల పాయిజన్ ఐవీ గట్టు అంచంతా ఉంటుంది, సైకిలు దాని మీద పడుకోబెట్టకండి. పావ్ పావ్, లిటిల్ ఆర్లీన్స్ మధ్య ఫోను సిగ్నలు నమ్మదగింది కాదు, మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

మూడో రోజు సాయంత్రం కంబర్లాండ్‌లో ఒక నిర్ణయం తీసుకోవాలి. ఆ ఊరి ఆకాశం చూడకండి. హాన్‌కాక్, విలియమ్స్‌పోర్ట్ దగ్గర గత మూడు రోజుల్లో ఎంత వాన పడిందో చూడండి, కాలువ పార్కు వెబ్‌సైటులో మూసివేతల జాబితా చూడండి. అర అంగుళం లోపైతే పొద్దున ఏడున్నరకు బయల్దేరండి. అంగుళం దాటి, నిన్నో మొన్నో పడి ఉంటే మీ ఎనిమిదో రోజును అక్కడే ఖర్చుపెట్టి కంబర్లాండ్‌లో ఆగిపోండి. ఆగే వీలు లేకపోతే లిటిల్ ఆర్లీన్స్ దాకా షటిల్ వ్యాను మాట్లాడుకుని తారు బాట మీంచి మొదలుపెట్టండి. పావ్ పావ్ సొరంగం తప్పిపోతుంది, దానికోసం తర్వాత ఒక ఎండపూట ఇంటినుంచి విడిగా రావచ్చు. నది పొంగి గట్టు మూసేశారని జాబితాలో ఉంటే మాత్రం టేపు కింద నుంచి దూరి వెళ్లకండి. బిగ్ స్లాక్‌వాటర్ దగ్గర నీళ్లు నడవ మీదికి వస్తే పక్కకు తప్పుకోవడానికి చోటే ఉండదు.